కోసి చూసి, మళ్ళీ కోసి: ముక్కు మీది క్యాన్సర్‌కి నా మోహ్స్ సర్జరీ

ముఖం తుడుచుకున్నప్పుడల్లా తువ్వాలుకి రక్తపు చుక్క అంటుకోవడం మొదలైంది. ముక్కుకి ఎడమపక్క, పుటానికి కాస్త పైన, నల్లటి మచ్చ ఒకటి ఉంది నాకు. చూసినవాళ్ళంతా పుట్టుమచ్చే అనుకునేవారు. అద్దానికి దగ్గరగా వెళ్ళి చూస్తే అంచుల్లో సన్నటి మెరుపు, మధ్యలో చిన్న గుంట. పెచ్చు కట్టేది, రాలేది, మళ్ళీ కట్టేది. మొటిమైతే వారం పదిరోజుల్లో పోవాలి కదా, ఇది పోలేదు.

మేం టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన ఉంటాం. డెర్మటాలజిస్టు భూతద్దంలాంటి డెర్మటోస్కోపు పెట్టి కాసేపు చూసి, బయాప్సీ చేద్దామంది. మత్తు సూది వేసి, బ్లేడుతో పైపైన చెక్కి, సీసాలో వేసి ల్యాబుకి పంపింది. నొప్పి లేదు, పెద్ద సమయమూ పట్టలేదు. ఇక్కడ అప్పట్లో రిపోర్టులు తయారవగానే మన ఫోనుకే వచ్చేసేవి. డాక్టరు ఫోన్ చేసి చెప్పేలోపే మనం చదివేసుకుని భయపడిపోయేవాళ్ళమన్నమాట. నాకూ అలాగే వచ్చింది. బేసల్ సెల్ కార్సినోమా, నాడ్యులర్, పిగ్మెంటెడ్. అంటే చర్మానికి వచ్చే క్యాన్సర్లలో ఒక రకం, గడ్డలా పెరిగేది, నల్లరంగు పట్టినది.

తెనాలిలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి చెబితే, "అక్కా, స్కిన్ క్యాన్సర్ తెల్లవాళ్ళకి కదా వచ్చేది? మనకెందుకొస్తుంది? వేరేవాళ్ళ రిపోర్టు నీకొచ్చుంటుంది, ఇంకోసారి చూపించు" అంది. కాసేపాగి, "చిన్నప్పుడు దాన్ని దిష్టిచుక్క అనేవాళ్ళు, చివరికి దానికే దిష్టి తగిలింది" అని తనే నవ్వింది. మా ఆయన నవ్వలేదు. అప్పటికే ఆయన లాప్‌టాప్ ముందు కూర్చుని ఈ జబ్బువి చూడకూడని ఫోటోలన్నీ చూసేశారు.

చెల్లెలి మాటలో సగం నిజం ఉంది. మన చర్మంలో మెలనిన్ అనే రంగుపదార్థం ఎక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలని అది చాలావరకు ఆపుతుంది. అందుకే తెల్లవాళ్ళతో పోలిస్తే మనలో ఈ జబ్బు బాగా తక్కువ. తక్కువే గానీ లేకపోలేదు. ఇంకో చిక్కు ఏమిటంటే, తెల్లవాళ్ళలో ఇది గులాబీరంగులో మెరిసే చిన్న గడ్డలా కనబడుతుంది, బొమ్మలన్నీ అలాగే ఉంటాయి. మనలో ఆ మెలనిన్ గడ్డలోకి కూడా చేరి నల్లగా కనిపిస్తుంది. పుట్టుమచ్చో, వయసుమచ్చో అనుకుని ఎవరూ పట్టించుకోరు.

డాక్టరు ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగింది, ఇది ఒంట్లో ఎక్కడికైనా పాకిందా అని. బేసల్ సెల్ క్యాన్సర్ వేరే అవయవాలకి పాకడం చాలా అరుదట. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కానీ వదిలేస్తే ఉన్నచోటే తవ్వుకుంటూ పోతుంది, ముక్కయితే మృదులాస్థి దాకా, ఆపైన ఎముక దాకా. ప్రాణానికి పెద్దగా భయం లేదని, ముక్కుకి మాత్రం ఉందని నాకు అర్థమైంది. మోహ్స్ అనే పద్ధతిలో ఆపరేషన్ చేసే సర్జను దగ్గరికి పంపుతానంది.

మామూలు ఆపరేషన్ ఎందుకు వద్దో ఆ సర్జను గారు కన్సల్టేషన్‌లో కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. చేతి మీదో వీపు మీదో ఇలాంటి గడ్డ ఉంటే, కంటికి కనిపించే హద్దు చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కలుపుకుని కోసేసి, కుట్లు వేసి, ముక్కని ల్యాబుకి పంపుతారు. ముక్కు మీద 4 మిల్లీమీటర్లంటే చాలా స్థలం. పైగా ఆ ముక్కని ల్యాబులో బ్రెడ్డు కోసినట్టు నిలువుగా కోసి, కొన్ని ముక్కల్ని మాత్రమే మైక్రోస్కోపు కింద పెడతారు. ముక్కకీ ముక్కకీ మధ్య ఉన్నది ఎవరూ చూడరు. మొత్తం అంచుల్లో నిజంగా కంటపడేది ఒక శాతం కూడా ఉండదట. గడ్డ గుండ్రంగా పెరిగితే ఫర్వాలేదు. ఒక పక్కకి సన్నగా వేరు పోయి ఉంటే, అది ఆ చూడని చోట ఉండిపోవచ్చు.

మోహ్స్ పద్ధతిలో కత్తిని వాలుగా పట్టుకుని పలచటి పొర ఒకటి తీస్తారు. ఆ పొర అంచులు, అడుగు ఒకే మట్టానికి వచ్చేలా అదిమి, చల్లదనంతో గడ్డకట్టించి, అడుగువైపు నుంచి కోస్తారు. దాంతో చుట్టూ ఉన్న అంచు, కింది భాగం మొత్తం ఒకే స్లైడు మీదకి వస్తాయి. కోసిన సర్జనే స్లైడు కూడా చూస్తారు. ఇది నాకు బాగా నచ్చింది. క్యాన్సర్ కణాలు ఏ మూల మిగిలాయో మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టుకుని, మళ్ళీ వచ్చి సరిగ్గా ఆ మూల మాత్రమే ఇంకో పొర తీస్తారు. శుభ్రంగా ఉన్నవైపు ముట్టుకోరు. ఏమీ మిగల్లేదని తేలేదాకా ఇలాగే. మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ క్యాన్సర్‌కి ఈ పద్ధతిలో నయమయ్యే అవకాశం 99 శాతం దాకా ఉంటుందన్నారు.

"మరి ఎన్ని పొరలు తీస్తారు?" అన్నాను.

"తీసి చూస్తే గానీ నాకూ తెలీదు" అన్నారు. ఆ జవాబు అప్పుడు నాకు నచ్చలేదు. ఎంత పెద్ద రంధ్రం పడుతుందో, దాన్ని ఎలా మూస్తారో కూడా ముందే చెప్పలేమన్నారు. ఇంటికొచ్చాక ఆ మాట తలుచుకుంటే, ఆపరేషన్ కన్నా ఆ తెలియకపోవడమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో కెమిస్టుని. అందుకని ఈ మోహ్స్ ఎవరా అని చదివితే కథంతా రసాయనాల దగ్గరే మొదలైంది. ఫ్రెడరిక్ మోహ్స్ 1930ల్లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో మెడికల్ విద్యార్థి. గడ్డల్లోకి రకరకాల రసాయనాలు ఎక్కించి ఏం జరుగుతుందో చూస్తున్నాడు. జింక్ క్లోరైడ్ ఎక్కించిన చోట కణజాలం చచ్చిపోయింది గానీ, మైక్రోస్కోపు కింద దాని నిర్మాణం చెక్కుచెదరలేదు. అయితే మనిషి ఒంటి మీద ఉండగానే కణజాలాన్ని స్లైడుకి సిద్ధం చెయ్యొచ్చు కదా అని ఆయనకి తోచింది. జింక్ క్లోరైడ్ ముద్ద క్యాన్సర్ మీద పూసి, మర్నాడు ఆ పొర కోసి చూసి, మిగిలి ఉంటే మళ్ళీ పూసి... ఇలా 1936 నుంచి రోగులకి చేశాడు, 1941లో ప్రచురించాడు. పని చేసింది గానీ, ఆ ముద్ద నొప్పి భరించడం కష్టంగా ఉండేదట. ఒక్కో పొరకి ఒక్కో రోజు. 1953లో కనురెప్ప మీది క్యాన్సర్‌కి చేస్తూ సినిమా తీస్తుంటే, షూటింగ్ ఆలస్యమవుతోందని ముద్ద పక్కనపెట్టి మత్తు సూదితోనే కోసి, ముక్కని గడ్డకట్టించి చూశాడు. అదీ పనిచేసింది. 1970ల్లో చర్మవైద్యులు ఆ తాజా ముక్క పద్ధతినే అందిపుచ్చుకున్నారు. షూటింగ్ తొందర పుణ్యమా అని నా పని ఒక్కరోజులో అయిపోతుందన్నమాట.

ఆపరేషన్ ముందు నర్సు ఫోన్ చేసి పెద్ద జాబితా అడిగింది. పేస్‌మేకర్ ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నావా, చేపనూనె, విటమిన్ ఇ, పసుపు మాత్రల్లాంటివి ఏమైనా మింగుతున్నావా. డాక్టరు రాసిచ్చిన మందులు మాత్రం సొంతంగా ఆపొద్దని రెండుసార్లు చెప్పింది. పరగడుపున రావాలేమో అనుకున్నాను. అక్కర్లేదట. టిఫిన్ చేసి రమ్మంది, మధ్యాహ్నానికి భోజనం తెచ్చుకోమంది, తోడు ఒకరిని, చదువుకోవడానికి పుస్తకం తెచ్చుకోమంది. భోజనం అనగానే రోజంతా అక్కడే అని అర్థమైపోయింది. పులిహోర కట్టుకెళ్ళాం.

అక్కడికెళ్ళాక మొదటి తగువు ముక్కుపుడక దగ్గర. రక్తం ఆపడానికి కరెంటుతో కాలుస్తారు కాబట్టి ముఖం మీద లోహమేదీ ఉండకూడదు. నాది కుడిపక్క, మచ్చ ఎడమపక్క, అయినా తియ్యమన్నారు. ఆ మర పెళ్ళినాటి నుంచి తిప్పింది లేదు. నర్సు ఒకవైపు, మా ఆయన ఒకవైపు, సబ్బునీళ్ళతో కుస్తీపట్టి తీశారు. ఎవరికైనా ఈ సర్జరీ ఉంటే ముక్కుపుడక ఇంట్లోనే, తీరిగ్గా తీసి పెట్టుకోండి.

సర్జను గారు వచ్చి అద్దం నా చేతికిచ్చి, "ఏ మచ్చో నువ్వే చూపించు" అన్నారు. బయాప్సీ చేసిన చోటు మానిపోతే పక్క మచ్చని కోసేసే ప్రమాదం ఉంటుందట, అందుకని రోగి చేతే చూపిస్తారు, ఫోటోతో సరిపోల్చుకుంటారు. పెన్నుతో చుట్టూ గీశారు. అప్పటికి అది 5 మిల్లీమీటర్లు.

మొత్తంలో నొప్పి అంటూ ఉందంటే ఆ మత్తు సూదులే. లిడోకైన్, దాంతోపాటు రక్తనాళాలు ముడుచుకోవడానికి ఎపినెఫ్రిన్. ముక్కు మీద చర్మం బిగుతుగా ఉంటుంది కాబట్టి మందు ఎక్కుతుంటే మంట నషాళానికంటింది, కళ్ళవెంట నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. ఒక నిమిషం. ఆ తర్వాత ముక్కు ఉందో లేదో కూడా తెలీదు. మనిషికి పూర్తి మెలకువ ఉంటుంది. కత్తి తగులుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి తెలీదు. కాల్చేటప్పుడు వచ్చే కమురు వాసన మాత్రం నాకు నచ్చలేదు. అది మన ఒంటిదే అని గుర్తొస్తే ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. పొర తీసే ముందు అంచుల దగ్గర చిన్న గాట్లు పెట్టారు, ముక్కలో ఏ వైపు ముక్కు కొనకి, ఏ వైపు కంటికి అన్నది తేడా రాకుండా. తీసిన పొర అంచులకి ల్యాబులో రంగులు కూడా పూస్తారట, ఒక్కో వైపుకి ఒక్కో రంగు.

బ్యాండేజీ వేసి వెయిటింగ్ గదిలో కూర్చోబెట్టారు. గంటో గంటన్నరో పడుతుందన్నారు.

ఆ గది గురించి చెప్పాలి. అందరూ ముసలివాళ్ళే, అందరూ తెల్లవాళ్ళే, ముక్కు మీదో చెవి మీదో నెత్తి మీదో అందరికీ తెల్లటి కట్లు. కాఫీ, బిస్కెట్లు, గోల్ఫ్ చూపిస్తున్న టీవీ. నేను లోపలికి వెళ్ళేసరికి ఒకావిడ నన్ను చూసి మా ఆయనకి తోడు వచ్చాననుకుంది, ఆయన ముఖం మీద కట్టు లేకపోయినా. పక్కన కూర్చున్న పెద్దాయన పశువుల రాంచ్‌లో బతుకంతా గడిపాడట. చెవి పైభాగం అప్పటికే లేదు, ఈసారి బుగ్గ. "నీకెన్నోసారి?" అని అడిగాడు. మొదటిసారి అన్నాను. "నాకు లెక్క పోయింది" అన్నాడు. టోపీ పెట్టుకోలేదా అని అడిగాను. బేస్‌బాల్ టోపీ పెట్టుకునేవాడినని, దానికి చెవుల దగ్గర అంచు ఉండదు కదా అని చెవి తడుముకున్నాడు.

ముఖం మీద తెరిచిన గాయంతో అలా కూర్చోవడం విచిత్రంగా ఉంటుంది. మత్తు దిగుతుందేమోనని ఒక భయం, తలుపు తెరిచినప్పుడల్లా నన్నే పిలుస్తారేమోనని ఒక ఉలికిపాటు. పుస్తకం ఒక్క పేజీ కదలలేదు. ల్యాబు వెనకగదిలోనే ఉందని తెలిశాక నా మనసంతా అక్కడే. సున్నా కన్నా బాగా తక్కువ చల్లదనం ఉండే క్రయోస్టాట్ అనే పెట్టెలో ముక్కని గడ్డకట్టించి, మైక్రాన్లలో కొలిచేంత పలచగా కోసి, గాజుపలక మీదకెక్కించి రంగు పట్టిస్తారు. ఆ పని చేసే టెక్నీషియన్‌ని మనం చూడం, పేరు కూడా తెలీదు. ఆ పొర మడతపడితే, ఒక అంచు జారిపోతే, సర్జను ఎంత గొప్పవాడైనా తప్పు చదువుతాడు. నా ల్యాబు బుద్ధి కాబోలు, నాకు కత్తి పట్టినవాళ్ళకన్నా ఆ కనిపించని మనిషి మీదే ఎక్కువ ఆరాటంగా ఉంది.

పిలిచారు. మ్యాపు చూపించారు. ముక్కు కొన వైపు, గడియారంలో అయిదు దగ్గర నుంచి ఏడు దాకా ఎర్రగా గీసి ఉంది. "ఇక్కడ ఇంకా ఉంది. మిగతా అంతా క్లియర్." కంటికైతే అక్కడేమీ లేదు, మామూలు చర్మం. మళ్ళీ సూది, ఈసారి నొప్పి తెలియలేదు. మళ్ళీ కోత, మళ్ళీ కమురు వాసన, మళ్ళీ వెయిటింగ్ గది. పులిహోర అప్పుడు తిన్నాం. పెద్దాయనకి కొంచెం పెట్టాను. వేరుశెనగపప్పులు ఏరుకుని తిని, బాగుందన్నాడు.

రెండో పొర శుభ్రంగా వచ్చింది. "అయిపోయింది, ఇక క్యాన్సర్ లేదు" అని సర్జను గారు మామూలు గొంతుతో అనేసరికి మా ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు. కన్సల్టేషన్‌లో నాకు నచ్చని జవాబు విలువ కూడా అప్పుడే తెలిసింది. ముందే లెక్కగట్టి చుట్టూ సమానంగా కోసుంటే, పైవైపు అనవసరంగా పోయేది, కిందివైపు బహుశా చాలేది కాదు.

అద్దం కావాలా అన్నారు. కావాలన్నాను. 5 మిల్లీమీటర్ల మచ్చ ఉన్నచోట 13 మిల్లీమీటర్ల రంధ్రం. కొందరు చూడరట. నాకైతే చూడటమే మంచిదనిపించింది, ఎందుకంటే ఎలా మూయాలో నిర్ణయం అప్పుడే తీసుకోవాలి. వదిలేస్తే దానంతటదే పూడుకుంటుంది, కానీ వారాలు పడుతుంది, పుటం పైకి లాగేసే అవకాశం ఉంది. చెవి ముందు నుంచి చర్మం తీసి అతికించొచ్చు, కానీ రంగు కలవకపోవచ్చు, మన రంగులో ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మూడోది, ముక్కు మీదే పైన ఉన్న చర్మాన్ని తిప్పి కిందికి తేవడం, బైలోబ్డ్ ఫ్లాప్ అంటారు. రెండు గుండ్రటి రేకులుగా చర్మం గీస్తారు. మొదటి రేకు జరిగి రంధ్రాన్ని మూస్తుంది, రెండో రేకు జరిగి మొదటిదాని ఖాళీని మూస్తుంది, రెండోదాని ఖాళీ పైన చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి కుట్టేస్తే మూసుకుంటుంది. అదే చేశారు. పొరలు తీయడం కన్నా ఈ కుట్లకే ఎక్కువసేపు పట్టింది.

ఇంటికొచ్చాక రెండు రోజులు కట్టు తడపకూడదు, ముందుకి వంగకూడదు, బరువులు ఎత్తకూడదు, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. నొప్పికి టైలెనాల్ సరిపోయింది. మర్నాటికి ఎడమకన్ను ఉబ్బి నల్లబడింది. ఈ సంగతి ముందే చెప్పారు కాబట్టి హడలిపోలేదు గానీ, వీడియోకాల్‌లో చూసిన చెల్లెలు ఏడ్చేసింది. వెంటనే పత్యం మొదలుపెట్టింది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చీము పడుతుంది. గాయానికి పసుపు అద్దు. హాస్పిటల్‌లో ఇచ్చిన కాగితం తీసి చదివాను. అందులో సిగరెట్టు, మద్యం వద్దని ఉంది, వంకాయ ఊసే లేదు. ఆ రెండు రోజులూ అయ్యాక రోజూ సబ్బునీళ్ళతో మెల్లగా కడిగి, వాసెలిన్ దట్టంగా రాసి, అంటుకోని ప్యాడ్ వేసుకోవాలి. పెచ్చు కట్టనివ్వకూడదు, తడిగా ఉంటేనే త్వరగా మానుతుంది. పసుపు పెట్టలేదు. వంకాయ మాత్రం మానేశాను, చెల్లెలితో ఎవరు వాదిస్తారు?

వారానికి కుట్లు తీశారు. ఆ తర్వాతి కొన్ని నెలలు ముక్కు నాకు నచ్చలేదని నిజం చెప్పాలి. తిప్పి పెట్టిన చర్మం ఉబ్బి దిండులా లేచింది. వేలితో రోజూ మర్దనా చెయ్యమన్నారు, ఒకసారి స్టెరాయిడ్ సూది కూడా వేశారు. కుట్ల గీత ఎర్రగా కాక ముదురు గోధుమరంగులో ఉండిపోయింది. మన చర్మానికి ఎక్కడ దెబ్బ తగిలినా ముందు నల్లబడుతుంది, అది తగ్గడానికి నెలలు పడుతుంది. ఎండ తగిలితే ఇంకా నల్లబడుతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాకుండా సన్‌స్క్రీన్ రోజూ రాయాలి. ఇక్కడ షాపుల్లో దొరికే జింక్ ఆక్సైడ్ రకం రాసుకుంటే బూడిద పూసుకున్నట్టు ఉంటుంది. వెతికితే ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు రకాలు దొరుకుతాయి, అవి మన ఒంటిరంగులో కలుస్తాయి. ఇప్పుడు గీత ఎక్కడుందో నేను చూపిస్తే గానీ కనబడదు. నన్ను రోజూ చూసే మా ఆయన మాత్రం, ఎడమ పుటం ఒక వెంట్రుకవాసి పైకుంది అంటారు.

బిల్లు గురించి ఒక్క మాట, అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం. మొదటి పొరకి 17311 అనే కోడు, ఆపై తీసే ఒక్కో పొరకి 17312, ముక్కు మీద ఫ్లాప్‌కి విడిగా 14060. ఎన్ని పొరలన్నది ముందు తెలీదు కాబట్టి ఇన్సూరెన్సువాళ్ళు కచ్చితమైన అంచనా ఇవ్వలేరు. కానీ స్లైడు చదివే ఖర్చు మొదటి రెండు కోడ్లలోనే కలిసి ఉంటుంది, ఎందుకంటే చదివేది సర్జనే. ఆ ముక్కలకే ఎవరైనా మళ్ళీ పాథాలజీ పేరుతో బిల్లు వేస్తే అడగండి. మన దేశంలో ఈ సర్జరీ చేసే చోట్లు ఇంకా కొద్దిగానే ఉన్నాయి. లేనిచోట అంచులు కలుపుకుని కోయడమే చేస్తారు, అది కూడా చాలామందికి సరిపోతుంది.

ఇప్పుడు ఆరునెలలకోసారి ఒళ్ళంతా చూపించుకోవాలి. డెర్మటాలజిస్టు ముఖం చూస్తుందనుకుంటే అరికాళ్ళు, కాలివేళ్ళ మధ్య, గోళ్ళు కూడా చూస్తుంది. మెలనోమా అనే ప్రమాదకరమైన రకం మనలాంటి రంగువాళ్ళకి వస్తే ఎక్కువగా అక్కడే వస్తుందట, ఎండతో సంబంధం లేకుండా. గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే 1981లో పోయాడని ఆమె చెప్పింది. ఇంటికి రాగానే ఫోన్ చేసి చెల్లెలి పాదాలు వీడియోలో చూపించమన్నాను. పాదాలు బాగానే ఉన్నాయి గానీ కణత దగ్గర నల్లటి మచ్చ కనబడింది. డాక్టరుకి చూపించమని రోజూ పోరు పెట్టాను. విసుక్కుంటూ వెళ్ళింది. డెర్మటోస్కోపు పెట్టి చూసి, సెబొరిక్ కెరటోసిస్, వయసుతో వచ్చేదే, ఏమీ చెయ్యక్కర్లేదన్నారట. కన్సల్టేషన్ ఫీజు, ఆటో ఖర్చు నన్నే పంపమంది.